ఓపిక ఉంటే నూరు మైళ్ళు

శనివారం పొద్దున్నే సైకిలు బట్టల్లో, నెత్తిన హెల్మెట్టుతో ఇండియన్ స్టోరు ముందు ఆగి నీళ్ళ సీసాలు నింపుకుంటున్నప్పుడు మన తెలుగువాళ్ళు ఎవరో ఒకరు తగలక మానరు. మొదటి ప్రశ్న, "ఏమండీ, కారు రిపేరుకిచ్చారా?" అని. రెండోది, "ఎన్ని మైళ్ళు తొక్కారేమిటి?" అని. అరవై అంటే ఒక పట్టాన నమ్మరు. నమ్మాక మాత్రం అందరూ ఒకే మాట అంటారు: "మీకు ఓపిక ఎక్కువండీ బాబూ, మావల్ల కాదు."

ఆ మాట గురించే ఈ వ్యాసం. ఓపిక అంటే మనకి రెండర్థాలు. ఒంట్లో సత్తువా ఓపికే, తొందరపడకుండా ఓర్చుకోవడమూ ఓపికే. ఆ పెద్దమనిషి నాకు మొదటిది ఉందనుకుని మెచ్చుకుంటున్నాడు. నాకున్నది రెండోది. కాలేజీలో నేను క్యారమ్స్ తప్ప ఇంకో ఆట ఆడినవాణ్ణి కాను. ఇరవై ఏళ్ళ పైచిలుకు కుర్చీలో కూర్చుని ప్రోగ్రాములు రాసుకుంటున్న మనిషిని. దూరాలు తొక్కడానికి సత్తువ ముందు అక్కర్లేదనీ, ఓర్పుంటే అదే మెల్లగా వస్తుందనీ, అది ఎలా వస్తుందో ఒంటి లోపల లెక్క ఒకటి ఉందనీ చెప్పడం నా ఉద్దేశం.

ముందు, ఎందుకు మొదలెట్టానో చెప్పాలి. మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక ఊళ్ళో లెక్కల మాస్టారు. స్కూటరు కొనేదాకా రోజూ పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు సైకిలు మీదే బడికి వెళ్ళేవారు. స్కూటరు వచ్చిన రోజు దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సైకిల్ని గొడ్ల చావిట్లోకి తోశాం. ఆయనకి యాభై నాలుగో ఏట గుండెపోటు వచ్చింది. స్కూటరే కారణమంటే అన్యాయం. మన వంశాల్లోనే ఆ రోగం కాస్త తొందరగా వస్తుంది. 2018లో అమెరికా గుండె వైద్య సంఘాలు కొలెస్టరాల్ మీద మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, దక్షిణాసియా వాళ్ళయి ఉండటాన్నే ప్రమాదం పెంచే అంశాల్లో ఒకటిగా చేర్చాయి. 2015 నుంచీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా వాళ్ళకి బి.ఎం.ఐ. 25 దాకా ఆగకుండా 23 దగ్గరే షుగరు పరీక్ష చేయించమంటోంది. నాలాగా అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి 25 అంటే సుమారు 164 పౌన్లు, 23 అంటే 151. మనం "సన్నగానే ఉన్నానుగా" అనుకునేది ఈ రెండు అంకెల మధ్యే.

2019లో నా ఎ1సి 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టు. అప్పటికి నాకు నలభై. నాన్నగారి యాభై నాలుక్కి ఇంకా పద్నాలుగేళ్ళుందని కాగితం మీద తీసివేత చేసి చూసుకున్న గుర్తు. పరుగు మొదలుపెడితే మోకాళ్ళు ఒప్పుకోలేదు. జిమ్ములో ట్రెడ్‌మిల్లు మీద గోడని చూస్తూ నడవడం నాకు చేతకాలేదు. సైకిలైతే కూర్చుని చేసే వ్యాయామం, కూర్చోవడంలో మనకి అనుభవం ఉంది!

సరే, విషయానికి వద్దాం. మన ఒంట్లో రెండు ఇంధనపు తొట్లు ఉన్నాయి. ఒకటి చిన్నది: కండల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న గ్లైకోజన్. మొత్తం నాలుగైదు వందల గ్రాములు, అంటే ఇంచుమించు 1,600 నుంచి 2,000 క్యాలరీలు. రెండోది కొవ్వు. డెబ్భై అయిదు కిలోల మనిషిలో పదిహేను కిలోల కొవ్వుందనుకుంటే అది లక్ష క్యాలరీల పైమాటే. జోరుగా తొక్కితే ఒళ్ళు చిన్న తొట్టిలోంచి తోడుకుంటుంది. నింపాదిగా తొక్కితే పెద్ద తొట్టిలోంచి ఎక్కువ తీసుకుంటుంది. చిన్న తొట్టి అడుగంటిందంటే పెడల్ మీద పెట్టిన కాలు కదలదు, బుర్ర పనిచెయ్యదు. ఇంగ్లీషులో దీన్ని బాంక్ అంటారు. కొవ్వు కిలోల కొద్దీ మిగిలున్నా ఆ పూటకి ఉపయోగం లేదు, బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ ఉండి జేబులో బస్సు చార్జీకి చిల్లర లేనట్టు.

ఎంత ఖర్చవుతుందో కూడా చూద్దాం. ఇంజనీర్లకి ఇక్కడ ఒక ముచ్చట. పెడల్ మీద పవర్ మీటరు పెట్టుకుంటే అది మనం చేసిన పనిని కిలోజౌళ్ళలో చూపిస్తుంది. ఒక క్యాలరీకి 4.18 కిలోజౌళ్ళు. మన ఒళ్ళు అనే ఇంజను సామర్థ్యం పాతిక శాతానికి కాస్త అటూ ఇటూ, తిన్నదాంట్లో మూడొంతులు వేడిగా పోతుంది. నాలుగుతో గుణించి నాలుగుతో భాగించినట్టన్నమాట. కాబట్టి మీటరు చూపిన కిలోజౌళ్ళే దాదాపు ఖర్చైన క్యాలరీలు. సగటున 110 వాట్లతో ఆరు గంటల నలభై నిమిషాలు తొక్కితే 2,640. చిన్న తొట్టి ఒక్కటే అయితే చాలదు.

శిక్షణ అనేది ఈ పెద్ద తొట్టికి కుళాయి వెడల్పు చేసుకోవడమే. వారానికి కొన్ని గంటలు నెమ్మదిగా తొక్కుతూ పోతే కండ కణాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి, వాటి చుట్టూ సన్నటి రక్తనాళాలు అల్లుకుంటాయి, గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం తోస్తుంది. ఇది జరగడానికి నెలలు పడుతుంది, తొందరపెడితే జరగదు. నార్వేలో పనిచేస్తున్న స్టీఫెన్ సైలర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రపంచస్థాయి రోయింగ్, స్కీయింగ్, సైక్లింగ్ క్రీడాకారులు ఎలా సాధన చేస్తారో ఏళ్ళ తరబడి పరిశీలించి, వాళ్ళ సాధనలో నూటికి ఎనభై పాళ్ళు తేలిగ్గా, ఇరవై పాళ్ళు మాత్రమే కష్టంగా ఉంటుందని గమనించాడు. మనలాంటి ఔత్సాహికులు సరిగ్గా తిరగేసి చేస్తారు. ఉన్నది గంటే కదా అని రోజూ రొప్పుతూ తొక్కి, మూడో వారానికి సైకిల్ని గరాజులో తగిలిస్తారు.

తేలిగ్గా అంటే ఎంత తేలిగ్గా? గుండెకి పట్టీ కట్టుకుని కొలవచ్చు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం స్థూలంగా వస్తుంది, అందులో అరవై, డెబ్భై శాతం మధ్య ఉండాలి. ఆ సూత్రం మనిషికీ మనిషికీ పది, పన్నెండు తేడా చూపిస్తుంది కాబట్టి నాకు అంత నమ్మకం లేదు. నా పద్ధతి వేరు. చిన్నప్పుడు బట్టీ పట్టిన ఆటవెలది పద్యం ఒకటి పైకి చదువుతాను. ఒక్కో పాదం ఒక్కో ఊపిరిలో వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. యతి స్థానం దగ్గర ఊపిరి తీసుకోవలసి వస్తే తగ్గించాలి. పక్కన తొక్కే అమెరికన్ మిత్రుడు మొదట్లో నేనేదో ప్రార్థన చేస్తున్నాననుకున్నాడు. ఇప్పుడతను కూడా పిల్లల పాట ఒకటి పాడుకుంటున్నాడు.

వారం ఎలా గడుస్తుందంటే: మంగళ, గురువారాల్లో తెల్లవారుజామున గంటసేపు గరాజులో ట్రెయినర్ మీద. అందులో ఒక రోజు మాత్రమే కష్టం, నాలుగేసి నిమిషాలు గట్టిగా, నాలుగేసి నిమిషాలు తేలిగ్గా. శనివారం దూరం. ముప్ఫై మైళ్ళతో మొదలుపెట్టి వారానికి ఓ పది శాతం చొప్పున పెంచడం, ప్రతి నాలుగో వారం తగ్గించడం. నూరు మైళ్ళకి వెళ్ళేముందు నూరు తొక్కి చూసుకోనక్కర్లేదు, డెబ్భై అయిదు చాలు. తెలుగు తరగతికీ, కూచిపూడికీ పిల్లల్ని దింపాలి కాబట్టి శనివారం పదింటికల్లా ఇంట్లో ఉండాలన్నది మా ఇంటి రాజ్యాంగం. అందుకని వేసవిలో అయిదున్నరకే బయల్దేరతాను. టెక్సస్ ఎండకీ అదే మందు.

ప్లేనోలో సైకిలు తొక్కడం గురించి రెండు ముక్కలు. ఊళ్ళో చిసమ్ ట్రెయిల్, బ్లూబానెట్ ట్రెయిల్ లాంటి సిమెంటు బాటలు బోలెడున్నాయి. కొత్తవాళ్ళకి అవే మంచివి. కానీ పిల్లలూ, కుక్కలూ, నడిచే పెద్దవాళ్ళూ ఉంటారు, అక్కడ దూరం కుదరదు. దూరం కావాలంటే తూర్పుగా పార్కర్, లూకస్ మీదుగా లవాన్ చెరువు వైపో, ఉత్తరంగా సెలైనా, గంటర్ వైపో వెళ్ళాలి. పార్కర్‌లో సౌత్‌ఫోర్క్ రాంచ్ పక్కనించి పోతుంటే 'డాలస్' సీరియల్ చూసిన తరం వాళ్ళు ఫొటోకి ఆగుతారు. మన వేసవి గాలి దక్షిణం నించి వీస్తుంది. ఖాళీ రోడ్లేమో ఉత్తరాన ఉన్నాయి. వెళ్ళేటప్పుడు వెన్ను తట్టి పంపిన గాలే, పొద్దెక్కి జోరందుకున్నాక, తిరుగు ప్రయాణంలో మొహాన కొడుతుంది. కొత్తవాళ్ళు "ఇవాళ భలే తొక్కుతున్నానే" అనుకుంటూ అన్నా, మెలిసా దాకా పోయి, ఇంటికి రావడానికి భార్యకి ఫోను చేస్తారు.

గాలి సంగతి ఇంకొంచెం చెప్పాలి. చదును రోడ్డు మీద మన కష్టంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. దానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. పదిహేను మైళ్ళ వేగాన్ని పద్దెనిమిది చేస్తే వేగం ఇరవై శాతమే పెరిగింది, గాలికి కట్టే పన్ను మాత్రం డెబ్భై మూడు శాతం పెరుగుతుంది. నూరు మైళ్ళ మీద దానివల్ల మిగిలేది గంటా ఏడు నిమిషాలు. ఇది లాభసాటి బేరమా కాదా అన్నది మీరే చూసుకోండి. నేను పదిహేనుకే కట్టుబడ్డాను. చవకైన ఉపాయం ఇంకోటుంది: ముందు సైకిలు వెనకే ఉండటం. కొంగల బారు ఎందుకలా ఎగురుతుందో అప్పుడర్థమవుతుంది. పాతిక, ముప్ఫై శాతం కష్టం తగ్గుతుంది. ప్లేనో బైసికిల్ అసోసియేషన్ వంటి క్లబ్బుల్లో వేగాన్ని బట్టి గుంపులుంటాయి. గుంపులో ఎలా తొక్కాలో, గోతిని వేలితో ఎలా చూపాలో, వెనక కారొస్తే ఎలా కేక వెయ్యాలో అక్కడే నేర్చుకోవాలి.

ఇక తిండి. మనవాళ్ళు చెవులు రిక్కించే చోటు ఇదే. గంటకి అరవై గ్రాముల దాకా పిండిపదార్థం లోపలికి పంపితే చిన్న తొట్టి అడుగంటదు. అలవాటు చేసుకున్నవాళ్ళు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి తొంభై దాకా కూడా పంపిస్తారు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. మొదటి అరగంట నుంచే మొదలెట్టాలి. స్టోర్లో అమ్మే జెల్లు ఒక్కోటి రెండు డాలర్ల పైనే, రుచి దగ్గుమందులాగా ఉంటుంది. ఒక మాదిరి అరటిపండులో పాతిక గ్రాములుంటాయి, పెద్ద మెడ్జూల్ ఖర్జూరంలో పద్దెనిమిది. చొక్కా వెనక జేబులో ఉప్పు కాస్త ఎక్కువేసి చేసిన చిన్న ఇడ్లీలు రేకు కాయితంలో చుట్టి పెట్టుకుంటాను. పల్లీ ఉండలు రుచిగా ఉంటాయి గానీ నూనె గింజలు అరగడానికి టైము తీసుకుంటాయి, అవి నెమ్మదిగా తొక్కే రోజుకే. పులిహోర ఇంటికొచ్చాక. ఆవకాయ సంగతి అడగొద్దు, మా మిత్రుడొకాయన పెరుగన్నం, ఆవకాయ తిని నలభయ్యో మైలు దగ్గర పడిన బాధ వర్ణించడానికి ఈ పత్రిక అనువైన చోటు కాదు.

నీళ్ళ విషయంలో మాత్రం వేళాకోళం కుదరదు. 2011 వేసవిలో డాలస్‌-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయం దగ్గర నూరు డిగ్రీలు దాటినవి డెబ్భై ఒక్క రోజులు. అలాంటి ఎండలో గంటకి లీటరు చెమట మామూలు. ఒక్కో లీటరుతో సుమారు గ్రాము సోడియం పోతుంది, కొందరికి అంతకన్నా ఎక్కువ. ఉత్తి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి, తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. ప్రాణాలకే ముప్పు కావచ్చు. ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మకాయ నీళ్ళు మన అమ్మమ్మలకి తెలిసిన మందే. బయల్దేరే ముందొక గ్లాసు ఉప్పు మజ్జిగ, వచ్చాక ఒక గ్లాసు. చెమట పట్టడం ఆగి ఒళ్ళు జలదరిస్తే మాత్రం దిగిపోయి నీడకి చేరాలి, సాయం పిలవాలి. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా ఆగస్టు ఎండలోకి నూరు మైళ్ళకి దిగకూడదు.

మా ఆవిడ భయం ఎండ కాదు, కార్లు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. 2021 సెప్టెంబరులో హ్యూస్టన్ దగ్గర వాలర్ అనే ఊరి రోడ్డు మీద పదహారేళ్ళ కుర్రాడు నడుపుతున్న పికప్ ట్రక్కు సాధనకి వెళ్ళిన ఆరుగురు సైకిలువాళ్ళని గుద్దేసింది. టెక్సస్ చట్టం ప్రకారం సైకిలుకి రోడ్డు మీద వాహనంతో సమానమైన హక్కులూ బాధ్యతలూ ఉన్నాయి. రాత్రిపూట ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర రిఫ్లెక్టరో దీపమో తప్పనిసరి. కార్లు సైకిలువాళ్ళనీ, నడిచేవాళ్ళనీ దాటేటప్పుడు ఇంత దూరం వదలాలని 2009లో శాసనసభ ఒక బిల్లు ఆమోదిస్తే అప్పటి గవర్నరు రిక్ పెర్రీ వీటో చేశారు. తరవాత ఆస్టిన్, శాన్ ఆంటోనియో, ఫోర్ట్ వర్త్ వంటి నగరాలు సొంతంగా నిబంధనలు పెట్టుకున్నాయి. చట్టం మన పక్షాన ఉండటం మంచిదే గానీ, ఆస్పత్రిలో పడుకుని చదువుకోవడానికి తప్ప అది రోడ్డు మీద అడ్డుపడదు. మా ఇంట్లో ఒప్పందం ఇది: పట్టపగలు కూడా వెనక ఎర్ర దీపం మినుకుతూ ఉండాలి, హెల్మెట్టుకి చిన్న అద్దం ఉండాలి, ఊరు దాటితే ఒంటరిగా వెళ్ళకూడదు, నేనెక్కడున్నానో ఆవిడ ఫోనులో కనపడుతూ ఉండాలి. అయినా నేను గరాజు తలుపు ఎత్తేదాకా ఆవిడ రెండో కాఫీ తాగదు. ఈ సరదాకి నేను కట్టే ఖరీదు నా కాళ్ళ నొప్పి అయితే, ఆవిడ కట్టే ఖరీదు అది.

మా చుట్టుపక్కల వాళ్ళందరికీ గమ్యం లాంటిది విచిటా ఫాల్స్‌లో ఆగస్టు నెలాఖరున జరిగే హాటర్ ఎన్ హెల్ హండ్రెడ్. ప్లేనో నించి రెండున్నర గంటల డ్రైవు. 1982లో ఊరికి నూరేళ్ళు నిండిన సందర్భంగా నూరు డిగ్రీల ఎండలో నూరు మైళ్ళు అని మొదలుపెట్టారు. 2020లో కోవిడ్ వల్ల ఆగింది. వేలమంది వస్తారు. నూరు మైళ్ళే కానక్కర్లేదు, పాతికా యాభై కూడా ఉన్నాయి. నేను మొదటిసారి వెళ్ళింది 2022లో. తెల్లవారకముందే వీధి నిండా సైకిళ్ళు, తిరనాళ్ళలో తేరు కదిలినట్టు మెల్లగా కదులుతాయి. అయోవా పార్క్, ఎలెక్ట్రా ఊళ్ళ మీదుగా బర్క్‌బర్నెట్ చేరేసరికి హెల్స్ గేట్ అని ఒక చోటుంది. చెప్పిన వేళలోపల అది దాటకపోతే నూరు మైళ్ళ దారి మూసేసి దగ్గరి దారిన పంపించేస్తారు. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు డేరాలు వేసి నీళ్ళూ, పళ్ళూ, ఊరగాయ దోసకాయ నీళ్ళూ ఇస్తారు. ఆ ఉప్పటి పుల్లటి నీళ్ళు గుక్కెడు తాగితే మా ఊరి చలివేంద్రం జ్ఞాపకం వచ్చింది. పొద్దున నన్ను దూసుకుంటూ దాటిపోయిన కండల వీరులు కొందరు డెబ్భయ్యో మైలు తరవాత డేరాల నీడల్లో మెడ మీద ఐసు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను పద్యం చదువుకుంటూ పోయాను. ఆగినవన్నీ కలుపుకుని ఏడు గంటల యాభై నిమిషాలు పట్టింది.

ఫలితం సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఎ1సి 5.6కి దిగింది, బరువు పధ్నాలుగు పౌన్లు తగ్గింది. కొలెస్టరాల్ మాత్రం సైకిలుకి లొంగలేదు. డాక్టరుగారు రాసిన మాత్ర రోజూ రాత్రి వేసుకుంటున్నాను. సైకిలు తొక్కుతున్నాను కదా అని మందు మానేసేవాళ్ళని నేనెరుగుదును, దయచేసి ఆ పని చెయ్యకండి. నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ముందు డాక్టరుతో మాట్లాడండి. పన్నెండు వందల డాలర్ల సైకిలు చాలు. ఖరీదైనది కొంటే తగ్గేది సైకిలు బరువు రెండు మూడు పౌన్లు, అది మన పొట్ట మీంచే చవగ్గా తగ్గించవచ్చు.

నూరు మైళ్ళ తరవాత ఏమిటంటే, బ్రెవేలని ఉన్నాయి. పందెం కాదు, గడువు లోపల దూరం పూర్తి చెయ్యాలి, అంతే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై. అవన్నీ అయినవాళ్ళు నాలుగేళ్ళకోసారి ఫ్రాన్సులో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి, 1,200 కిలోమీటర్లకి, వెళ్ళవచ్చు. 2019లోనూ 2023లోనూ మన దేశం నించి వందలమంది వెళ్ళారు. హైదరాబాద్‌లోనూ హైదరాబాద్ రాండనర్స్ అనే సంఘం ఈ బ్రెవేలు నడుపుతోంది. ఇక్కడ మాకు లోన్ స్టార్ రాండనర్స్ ఉన్నారు. 200 కిలోమీటర్లంటే 124 మైళ్ళు. గడువుతో భాగించి చూస్తే గంటకి తొమ్మిది మైళ్ళ చిల్లర, ఇడ్లీలు తినడానికి ఆగినా సరిపోతుంది. లెక్క అంతా కాగితం మీద వేసి మా ఆవిడకి చూపించాను. చూసి, ఇంకో మంచి దీపం కొనుక్కోమంది. 300 సంగతి మాత్రం ఇప్పుడే ఎత్తవద్దంది.